గుజ్రాల్ సిద్ధాంతం: ఇరుగుపొరుగు దేశాలతో సహకారంపై ఒక ప్రధాని ఆలోచన

దక్షిణాసియాలో అన్నిటికంటే పెద్ద దేశమైన భారత్ తన చిన్న పొరుగు దేశాలతో ఎలా మెలగాలన్న ప్రశ్నకు ఇందర్ కుమార్ గుజ్రాల్ (1919–2012) ఇచ్చిన సమాధానాన్ని గుజ్రాల్ సిద్ధాంతం అంటారు. ఆయన విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు 1996 సెప్టెంబరులో లండన్‌లోని చాథమ్ హౌస్‌లోనూ, 1997 జనవరిలో కొలంబోలోని బండారనాయకే అంతర్జాతీయ అధ్యయన కేంద్రంలోనూ చేసిన ప్రసంగాలు దీనికి మూలం. కొద్ది నెలలకే ఆయన ప్రధానమంత్రి కావడంతో ఈ ఆలోచన ప్రభుత్వ విధానంగా నిలిచింది. దీనికి గుజ్రాల్ పేరు పెట్టింది ఆయన కాదు, రాజకీయ వ్యాఖ్యాత భవానీ సేన్ గుప్తా.

ఈ సిద్ధాంతం అర్థం కావాలంటే ముందు ఈ ప్రాంతపు భూగోళాన్ని చూడాలి. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్తాన్‌లలో ప్రతి దేశానికీ నేల మీదనో సముద్రం మీదనో భారత్ పొరుగే. వాటిలో వాటికి మాత్రం ఎక్కడా భూసరిహద్దు లేదు. విస్తీర్ణంలో, జనాభాలో, ఆర్థిక బలంలో ఇవన్నీ కలిసినా భారత్‌కు సరితూగవు. అందువల్ల ఈ ప్రాంతంలో ఏ ఇద్దరి మధ్య రాకపోకలకైనా, సరుకు రవాణాకైనా, నదీజలాలకైనా చాలావరకు మధ్యలో భారత్ ఉంటుంది. ఢిల్లీలో మామూలు పాలనా నిర్ణయంగా కనిపించేది ఖాట్మండూలోనో ఢాకాలోనో బతుకుతెరువు సమస్య అవుతుంది. గుజ్రాల్ ఆలోచన మొత్తం ఈ అసమానత చుట్టూనే తిరుగుతుంది. బలవంతుడు బలహీనుడితో సమానంగా బేరమాడితే ఆ బేరం న్యాయంగా కనిపించదని, కనుక మొదటి అడుగు పెద్ద దేశమే వేయాలని ఆయన వాదించారు.

జీలం నుంచి ఢిల్లీకి

గుజ్రాల్ 1919 డిసెంబరు 4న జీలం పట్టణంలో పుట్టారు. అది ఇప్పుడు పాకిస్తాన్ పంజాబ్‌లో ఉంది. స్వాతంత్ర్య పోరాటంలో ఉన్న కుటుంబం. 1931లో పదకొండేళ్ళ వయసులో ఊళ్ళో పిల్లలను కూడగట్టి ఉద్యమం నడిపినందుకు పోలీసుల చేతిలో దెబ్బలు తిన్నారు. లాహోర్‌లో చదువుకున్నారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళారు. దేశ విభజనతో కుటుంబం సరిహద్దు దాటి ఇటు వచ్చింది. ఆయన తమ్ముడు సతీష్ గుజ్రాల్ పేరుమోసిన చిత్రకారుడు. విభజన దుఃఖమే ఆయన తొలినాటి బొమ్మలకు వస్తువు.

ఇందిరా గాంధీ ప్రభుత్వంలో మంత్రిగా ఉన్న గుజ్రాల్‌ను 1975లో అత్యవసర పరిస్థితి ప్రకటించిన వెంటనే సమాచార, ప్రసార శాఖ నుంచి తప్పించారు. 1976 నుంచి 1980 వరకు మాస్కోలో రాయబారిగా ఉన్నారు. ఉర్దూ అంటే ఆయనకు ప్రాణం. ఆ భాష అభివృద్ధికి ఏం చేయాలో సూచించడానికి 1970లలో కేంద్రం వేసిన సంఘం ఆయన పేరుతోనే గుజ్రాల్ కమిటీగా తెలుసు. విభజనలో సొంత ఊరిని పోగొట్టుకున్నవారిలో సరిహద్దు అవతలివాళ్ళతో మాటే వద్దనుకున్నవారు చాలామంది. గుజ్రాల్ మాత్రం లాహోర్ జ్ఞాపకాలను, ఉర్దూ సాహిత్యాన్ని రెండు దేశాల మధ్య మిగిలిన బంధంగా చూశారు. ఆయన దౌత్యాన్ని విమర్శించేవాళ్ళు దీన్నే మెతకదనం అన్నారు. ఆయన విధానాలను వరసపెట్టి చూస్తే, ఈ అభిమానం కంటే చల్లని లెక్కే వాటి వెనుక ఎక్కువగా కనిపిస్తుంది.

1989–90: సిద్ధాంతానికి ముందున్న పాఠాలు

1989 డిసెంబరులో వి.పి. సింగ్ ప్రభుత్వంలో గుజ్రాల్ మొదటిసారి విదేశాంగ మంత్రి అయ్యేనాటికి పొరుగు దేశాలతో భారత్ సంబంధాలు బాగా చెడి ఉన్నాయి. వాణిజ్య, రవాణా ఒప్పందాల గడువు తీరిపోవడంతో 1989 మార్చిలో నేపాల్ సరిహద్దులోని దారుల్లో రెండు తప్ప మిగతావన్నీ భారత్ మూసేసింది. సముద్రతీరం లేని నేపాల్‌కు కిరోసిన్, ఉప్పు, మందులు అన్నీ ఆ దారుల్లోనే రావాలి. అవతల శ్రీలంకలో భారత శాంతి పరిరక్షక దళం మూడో ఏడాదిలో ఉంది. తమిళ పులులతో పోరులో వెయ్యి మందికి పైగా భారత సైనికులు చనిపోయారు. ఆ దళం వెళ్ళిపోవాలని కొలంబో ప్రభుత్వమే బహిరంగంగా అడుగుతోంది.

కొత్త ప్రభుత్వం ఈ రెండింటినీ సర్దింది. 1990 మార్చి 24న చివరి భారత సైనిక దళం శ్రీలంకను వదిలింది. ఆ ఏడాది జూన్‌లో నేపాల్ ప్రధాని కృష్ణప్రసాద్ భట్టరాయ్ ఢిల్లీ వచ్చినప్పుడు దారులన్నీ తెరిచి, ఇరుదేశాల సంబంధాలను 1987 నాటి స్థితికి తిప్పాలని అంగీకారం కుదిరింది. ఆ ఒత్తిడి నేపాల్‌లో భారత్‌పై కోపాన్ని మిగిల్చింది. శ్రీలంకలో సైన్యం వల్ల ఇటు సింహళీయులూ అటు తమిళులూ దూరమయ్యారు. బలప్రయోగం వల్ల చిన్న దేశాలు దారికి రావని, మరో పెద్ద దేశం వైపు మళ్ళుతాయని గుజ్రాల్ ఈ రెండు అనుభవాల నుంచి గ్రహించారు. ఆరేళ్ళ తర్వాత లండన్‌లో చెప్పిన మాటలకు బీజం ఇక్కడే పడిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఐదు సూత్రాలు

లండన్ ప్రసంగంలో ఆయన ఐదు సూత్రాలు చెప్పారు. నేపాల్, బంగ్లాదేశ్, భూటాన్, మాల్దీవులు, శ్రీలంకల వంటి పొరుగు దేశాల నుంచి భారత్ బదులు కోరదు, సద్భావంతో, నమ్మకంతో తాను ఇవ్వగలిగినదంతా ఇస్తుంది అన్నది మొదటిది. దక్షిణాసియాలోని ఏ దేశమూ తన నేలను మరో దేశానికి హాని చేయడానికి వాడుకోనివ్వకూడదన్నది రెండోది. ఒకరి ఆంతరంగిక వ్యవహారాల్లో మరొకరు తలదూర్చకూడదు, ఒకరి సార్వభౌమత్వాన్నీ ప్రాదేశిక సమగ్రతనూ మరొకరు గౌరవించాలి, వివాదాలన్నిటినీ ముఖాముఖి చర్చలతో శాంతియుతంగా తేల్చుకోవాలి అన్నవి మిగిలిన మూడు.

చివరి నాలుగూ పూర్తిగా కొత్తవి కావు. 1954లో భారత్, చైనా సంతకం చేసిన పంచశీల ఒప్పందంలోనూ, 1985లో ఢాకాలో వెలువడిన దక్షిణాసియా ప్రాంతీయ సహకార సంఘం (సార్క్) నియమావళిలోనూ వీటి ఛాయలు ఉన్నాయి. కొత్తదంతా మొదటి సూత్రంలో ఉంది. దౌత్యంలో సాధారణంగా ఏ రాయితీకైనా ప్రతిఫలం అడుగుతారు. ఇచ్చినంత పుచ్చుకోవడమే రివాజు. ఆ రివాజును పెద్ద దేశమే స్వచ్ఛందంగా వదులుకోవడం ఈ ప్రాంతంలో అంతకు ముందు విధానంగా ఎవరూ ప్రకటించలేదు.

మొదటి సూత్రంలోని జాబితాలో పాకిస్తాన్ పేరు లేదు. ఈ సిద్ధాంతం పాకిస్తాన్‌కు ఏకపక్షంగా రాయితీలు ఇచ్చిందన్న ప్రచారం తెలుగు పత్రికల్లో సహా చాలాచోట్ల కనిపిస్తుంది. అది తప్పు. పాకిస్తాన్‌కు వర్తించేవి తక్కిన నాలుగు సూత్రాలే. అవి ఇరువైపులా పాటించవలసినవి.

తర్వాత రాసిన ఆత్మకథలో గుజ్రాల్ దీని వెనుక ఉన్న లెక్కను దాపరికం లేకుండా చెప్పారు. ఉత్తరాన, పడమట ఇద్దరు బలమైన ప్రత్యర్థులతో తలపడవలసి ఉన్నప్పుడు మిగతా పొరుగువాళ్ళందరితో పూర్తి శాంతి ఉండాలి, లేకుంటే చైనా, పాకిస్తాన్‌ల పలుకుబడి ఈ చిన్న దేశాల్లోకి చొరబడుతుంది అన్నది దాని సారాంశం. ఔదార్యంగా కనిపించే మాట అడుగున భద్రతా వ్యూహం ఉందన్నమాట. అణు విషయంలో ఆయన వైఖరి కూడా ఇందుకు సాక్ష్యం. 1996లో సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందాన్ని భారత్ తిరస్కరించినప్పుడు విదేశాంగ మంత్రి గుజ్రాలే. అంతర్జాతీయ ఒత్తిడి ఎంత వచ్చినా ఆయన వెనక్కి తగ్గలేదు.

ఫరక్కా దగ్గర గంగ

ఈ సిద్ధాంతం చేతల్లో ఎలా ఉంటుందో చూపిన గట్టి ఉదాహరణ గంగాజలాల ఒప్పందం. నాలుగు మాటల్లో దాటేయదగినది కాదు.

పశ్చిమ బెంగాల్ ముర్షీదాబాద్ జిల్లాలో, బంగ్లాదేశ్ సరిహద్దుకు దగ్గరగా, గంగ మీద కట్టిన ఫరక్కా బ్యారేజీ 1975లో పనిచేయడం మొదలుపెట్టింది. కలకత్తా రేవు పూడికతో మూసుకుపోకుండా 40,000 క్యూసెక్కుల దాకా నీటిని ఫీడర్ కాలువ గుండా హుగ్లీలోకి మళ్ళించడం దాని ఉద్దేశం. వానాకాలంలో నీటికి కొదవ లేదు కాబట్టి తగాదా లేదు. జనవరి నుంచి మే వరకు ప్రవాహం పడిపోయినప్పుడే ఎవరికెంత అన్న ప్రశ్న వస్తుంది. ఎగువ రాష్ట్రం గేట్లు దించితే దిగువన ఏమవుతుందో కృష్ణా ఆయకట్టు రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. గంగ విషయంలో దిగువన ఉన్నది మరో దేశం. అక్కడ పద్మగా పిలిచే ఈ నదిలో నీరు తగ్గితే నైరుతి బంగ్లాదేశ్‌లోకి సముద్రపు ఉప్పునీరు ఎగదన్నుతుంది. పొలాలు, చేపలు, సుందరబన్ అడవులు దెబ్బతింటాయి. 1976 మేలో అక్కడి రాజకీయ నేత మౌలానా భాసానీ నాయకత్వంలో వేలమంది ఫరక్కా వైపు కదిలారు. ఆ ఏడాదే ఢాకా ఈ వివాదాన్ని ఐక్యరాజ్యసమితి ముందు పెట్టింది.

1977లో జనతా ప్రభుత్వం ఐదేళ్ళ ఒప్పందం చేసుకుంది. తర్వాత 1982లో, 1985లో తాత్కాలిక అవగాహన పత్రాలు వచ్చాయి. 1988 తర్వాత ఆ కాగితం కూడా లేకుండా పోయింది. ఎనిమిదేళ్ళ పాటు వేసవిలో ఎంత నీరు వదలాలన్నది పూర్తిగా భారత్ ఇష్టం మీద ఆధారపడింది.

1996 జూన్‌లో రెండు రాజధానుల్లోనూ ప్రభుత్వాలు మారాయి. ఢిల్లీలో హెచ్.డి. దేవెగౌడ నాయకత్వాన యునైటెడ్ ఫ్రంట్, ఢాకాలో షేక్ హసీనా నాయకత్వాన అవామీ లీగ్ అధికారంలోకి వచ్చాయి. సెప్టెంబరులో గుజ్రాల్ ఢాకా వెళ్ళారు. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు నవంబరు చివర స్వయంగా ఢాకా వెళ్ళి మాట్లాడారు. 1996 డిసెంబరు 12న ఢిల్లీలో దేవెగౌడ, హసీనా 30 ఏళ్ళ ఒప్పందంపై సంతకాలు చేశారు.

లెక్క పద్ధతిగా ఉంటుంది. జనవరి 1 నుంచి మే 31 వరకు పదేసి రోజుల చొప్పున ఫరక్కా దగ్గర ప్రవాహం కొలుస్తారు. 70,000 క్యూసెక్కులు లేదా అంతకంటే తక్కువ ఉంటే చెరి సగం. 70,000 నుంచి 75,000 మధ్య ఉంటే బంగ్లాదేశ్‌కు 35,000, మిగిలింది భారత్‌కు. 75,000 దాటితే భారత్‌కు 40,000, మిగిలిందంతా బంగ్లాదేశ్‌కు. బాగా ఎద్దడి ఉండే మార్చి 11 నుంచి మే 10 వరకు, ఒక పదిరోజుల విడత విడిచి మరో విడతలో ఇరుదేశాలకూ 35,000 క్యూసెక్కుల హామీ ఉంటుంది. ప్రవాహం 50,000 కంటే పడిపోతే ఇద్దరూ వెంటనే కూర్చుని మాట్లాడుకోవాలి.

మొదటి వేసవిలోనే ఈ ఒప్పందానికి పరీక్ష ఎదురైంది. 1997 మార్చిలో ఫరక్కా దగ్గర నీరు అంచనాల కంటే బాగా తగ్గింది. బంగ్లాదేశ్ ప్రతిపక్షం ఒప్పందాన్ని దుయ్యబట్టింది. అయినా అది తెగలేదు. ఢాకాలో భారత్‌తో అంతగా పొసగని ప్రభుత్వాలు వచ్చినప్పుడు కూడా, ఏటా జనవరిలో ఇరుదేశాల ఇంజనీర్లు ఫరక్కా దగ్గర, దిగువన హార్డింజ్ వంతెన దగ్గర నీటిని కొలుస్తూనే వచ్చారు.

ఈ విజయంలో జ్యోతి బసు వాటా గుజ్రాల్ వాటాకు ఏమాత్రం తీసిపోదు. నీరు రాష్ట్రాల జీవితంతో ముడిపడిన విషయం. రాష్ట్ర ముఖ్యమంత్రి ఒప్పుకోకుండా కేంద్రం నదిని పంచలేదు. పదిహేనేళ్ళ తర్వాత తీస్తా నది విషయంలో ఇది మరింత స్పష్టమైంది. 2011 సెప్టెంబరులో ప్రధాని మన్మోహన్ సింగ్ ఢాకా వెళ్ళే సమయానికి ముసాయిదా సిద్ధంగా ఉన్నా, ముఖ్యమంత్రి మమతా బెనర్జీ అంగీకరించకపోవడంతో తీస్తా ఒప్పందం ఆగిపోయింది. పొరుగు దేశంతో ఉదారంగా ఉండాలన్న నిర్ణయం ఢిల్లీలో జరిగినా, దాని భారం మోసేది సరిహద్దు రాష్ట్రమే. గుజ్రాల్ ఐదు సూత్రాల్లో ఈ సంగతి ఎక్కడా లేదు. ప్రాంతీయ పార్టీల కూటమిగా ఏర్పడిన ఆయన ప్రభుత్వానికి రాష్ట్రాల మాట వినడం సహజంగా అలవడింది. ఆ కూటమికి కన్వీనర్ అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. గుజ్రాల్ మంత్రివర్గంలో ఎస్. జైపాల్ రెడ్డి, కె. ఎర్రన్నాయుడు ఉన్నారు.

బంగ్లాదేశ్‌తో సుహృద్భావం మరికొన్ని చిక్కులు విడదీయడానికి కూడా తోడ్పడింది. చిట్టగాంగ్ కొండప్రాంతాల నుంచి త్రిపురకు వచ్చి ఏళ్ళ తరబడి శిబిరాల్లో ఉన్న చక్మా శరణార్థులు 1997లో తిరిగి వెళ్ళడం మొదలైంది. ఆ ఏడాది డిసెంబరు 2న బంగ్లాదేశ్ ప్రభుత్వం, కొండప్రాంత ప్రజల ప్రతినిధులు శాంతి ఒప్పందం చేసుకున్నారు. అదే నెలలో అస్సాం వేర్పాటువాద సంస్థ ఉల్ఫా నాయకుడు అనూప్ చేతియాను ఢాకాలో అరెస్టు చేశారు.

నేపాల్, శ్రీలంక

నేపాల్‌తో జరిగిన కథ ఇంత బాగా ముగియలేదు. రెండు దేశాల సరిహద్దుగా పారే మహాకాళి నదిపై భారత్ టనక్‌పూర్ దగ్గర కట్టిన బ్యారేజీ తమ నేలను వాడుకుంటోందని నేపాల్‌లో ఆగ్రహం ఉండేది. ఈ తగాదాను తీర్చే ఒప్పందంపై 1996 ఫిబ్రవరి 12న ప్రధాని పి.వి. నరసింహారావు, నేపాల్ ప్రధాని షేర్ బహదూర్ దేవ్‌బా సంతకాలు చేశారు. ఆ సెప్టెంబరులో నేపాల్ పార్లమెంటు దాన్ని ఆమోదించింది. 1997 జూన్‌లో ప్రధానిగా గుజ్రాల్ ఖాట్మండూ వెళ్ళినప్పుడు అది అమల్లోకి వచ్చింది. భారత భూభాగంలోని ఫూల్‌బారీ మీదుగా నేపాల్ సరుకులు బంగ్లాదేశ్‌కు వెళ్ళేందుకు కూడా గుజ్రాల్ ప్రభుత్వం దారి ఇచ్చింది. నేపాల్ ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్న దారి అది. అంతకు ముందు 1996 డిసెంబరులో కుదిరిన వాణిజ్య ఒప్పందం నేపాల్‌లో తయారైన వస్తువులకు భారత మార్కెట్‌ను సుంకం లేకుండా తెరిచింది.

మహాకాళి ఒప్పందానికి గుండెకాయ పంచేశ్వర్ ఆనకట్ట. వేల మెగావాట్ల విద్యుత్తు వస్తుందని ఆశపెట్టిన ఆ ప్రాజెక్టు వివరణాత్మక నివేదిక ఆరు నెలల్లో పూర్తికావాలి. దశాబ్దాలు గడిచినా ఆనకట్ట లేవలేదు. నదీమూలం ఎక్కడ, నీటి విలువ ఎంత, విద్యుత్తు ధర ఎంత అన్న ప్రశ్నల దగ్గరే అధికారుల చర్చలు చిక్కుకున్నాయి. రాజకీయ సద్భావం సంతకం దాకా తీసుకెళ్ళగలిగింది. ఆ తర్వాత ఏటా కూర్చుని లెక్కలు తేల్చే యంత్రాంగం ఫరక్కా దగ్గర ఉన్నట్టు పంచేశ్వర్ దగ్గర లేకపోయింది. భారత్ ఇస్తానన్నది నేపాల్ ప్రజల చేతికి అందకపోవడంతో పాత అపనమ్మకం మళ్ళీ మొలిచింది. 2015లో కొత్త రాజ్యాంగం వచ్చిన సమయంలో సరిహద్దు దారులు మూసుకుపోయి ఇంధనం ఆగిపోయినప్పుడు నేపాలీలు 1989ని గుర్తుచేసుకున్నారు.

శ్రీలంకతో గుజ్రాల్ చేసిన పెద్ద పని జోక్యం చేసుకోకపోవడమే. అక్కడి జాతుల సమస్యకు పరిష్కారం శ్రీలంక ప్రజలే వెతుక్కోవాలన్న మాటకు ఆయన ప్రభుత్వం కట్టుబడింది. మొదటి సూత్రం శ్రీలంక విషయంలో లిఖిత రూపం దాల్చింది ఆయన పదవి దిగిన తర్వాత, అటల్ బిహారీ వాజపేయి హయాంలో. 1998 డిసెంబరులో కుదిరిన భారత–శ్రీలంక స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలో భారత్ మూడేళ్ళలో సుంకాలు తొలగించాలి, శ్రీలంకకు ఎనిమిదేళ్ళ గడువు ఉంది. రాయితీ లేని వస్తువుల జాబితా కూడా శ్రీలంకకే పొడవుగా ఉంచారు. పెద్దవాడు ఎక్కువ ఇవ్వాలన్న మాట ఇక్కడ సుంకాల పట్టికగా మారింది. గుజ్రాల్ ప్రసంగాల కంటే ఈ పట్టిక ఆయన ఆలోచనను బాగా వివరిస్తుంది.

పాకిస్తాన్‌తో చర్చలు

1997 ఫిబ్రవరి ఎన్నికల్లో గెలిచి నవాజ్ షరీఫ్ పాకిస్తాన్ ప్రధాని అయ్యారు. మూడేళ్ళుగా ఆగిపోయిన విదేశాంగ కార్యదర్శుల చర్చలు మార్చిలో ఢిల్లీలో తిరిగి మొదలయ్యాయి. ఏప్రిల్ 21న గుజ్రాల్ ప్రధాని అయ్యారు. మేలో మాల్దీవుల రాజధాని మాలేలో జరిగిన సార్క్ శిఖరాగ్ర సమావేశంలో ఇద్దరు పంజాబీ ప్రధానులు కలిసి కూర్చున్నారు.

జూన్‌లో ఇస్లామాబాద్‌లో భారత విదేశాంగ కార్యదర్శి సల్మాన్ హైదర్, పాకిస్తాన్ కార్యదర్శి శంషాద్ అహ్మద్ ఎనిమిది అంశాల జాబితాకు ఒప్పుకున్నారు. శాంతి–భద్రత, జమ్మూ కాశ్మీర్, సియాచిన్, వూలర్ బ్యారేజీ (భారత్ లెక్కలో తుల్‌బుల్ ప్రాజెక్టు), సర్ క్రీక్, ఉగ్రవాదం–మాదకద్రవ్యాలు, ఆర్థిక వాణిజ్య సహకారం, వివిధ రంగాల్లో స్నేహపూర్వక రాకపోకలు అందులో ఉన్నాయి. కాశ్మీర్ తేలితేగానీ మరో మాట లేదన్నది పాకిస్తాన్ పట్టు. కాశ్మీర్ చర్చాంశమే కాదన్నది భారత్ పట్టు. ఇద్దరూ తలా ఒక మెట్టు దిగితేగానీ ఈ జాబితా తయారయ్యేది కాదు. సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన తదుపరి విడతలో కాశ్మీర్‌పై కార్యవర్గం ఎలా ఉండాలన్న దగ్గర చర్చలు నిలిచిపోయాయి. అయినా ఈ ఎనిమిది అంశాల చట్రం చావలేదు. పోఖ్రాన్ అణుపరీక్షలు, కార్గిల్ యుద్ధం తర్వాత 2004లో సమగ్ర చర్చలు తిరిగి మొదలైనప్పుడు ఇదే చట్రం వాడారు. 2008 నవంబరులో ముంబయిపై దాడి జరిగేదాకా అవి నడిచాయి.

ఆ జాబితాలోని సర్ క్రీక్ గుజరాత్, సింధ్‌ల మధ్య బురదనేలలో ఉన్న సముద్రపు పాయ. దాని సరిహద్దు తేలనందువల్ల సముద్రంలో రెండు దేశాల హద్దు కూడా తేలలేదు. చేపల వేటకు వెళ్ళేవాళ్ళు తెలియక అవతలికి పోయి పట్టుబడతారు. ఈ తగాదా తెలుగు ఇళ్ళను కూడా తాకింది. గుజరాత్‌లోని వేరావల్ రేవు నుంచి కూలికి పడవలెక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు, ప్రధానంగా శ్రీకాకుళం జిల్లావాళ్ళు, 2018 నవంబరులో పాకిస్తాన్ బలగాలకు చిక్కారు. కరాచీ జైలులో ఏడాదికి పైగా ఉండి, వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగివచ్చారు. సియాచిన్, కాశ్మీర్‌లతో పోలిస్తే చిన్నదిగా, తేలికగా తేలదగినదిగా అందరూ చెప్పే వివాదం అది. 1997 జాబితాలో ఉన్న ఆ ఒక్కటి తేలినా ఈ కుటుంబాలకు ఆ గతి పట్టేది కాదు.

ప్రాంతీయ సంస్థలు

సార్క్ ఆలోచన 1980లో బంగ్లాదేశ్ అధ్యక్షుడు జియావుర్ రహమాన్ ప్రతిపాదించింది. చిన్న దేశాలన్నీ కలిసి తనపై జట్టు కడతాయేమోనని మొదట్లో భారత్ సందేహించింది. 1983 ఆగస్టులో ఢిల్లీలో ఏడు దేశాల విదేశాంగ మంత్రుల తొలి సమావేశం జరిగింది. అప్పటి భారత విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావు. 1985 డిసెంబరు 8న ఢాకాలో సార్క్ ఏర్పడింది. నిర్ణయాలన్నీ ఏకగ్రీవంగా ఉండాలి, ఇద్దరి మధ్య ఉన్న వివాదాలు చర్చకు రాకూడదు అన్న నియమాలను భారత్ సందేహాలు తీర్చేందుకే నియమావళిలో చేర్చారు. తర్వాత సార్క్‌ను కదలనివ్వనివి కూడా ఇవే.

గుజ్రాల్ పాల్గొన్న 1997 మాలే సమావేశం 2001 నాటికి స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం సాధించాలని తీర్మానించింది. అది జరగలేదు. ఆ లక్ష్యంతో రూపొందిన సాఫ్టా ఒప్పందంపై 2004లో సంతకాలయ్యాయి, 2006లో అమలు మొదలైంది. ఇప్పటికీ దక్షిణాసియా దేశాల మొత్తం వాణిజ్యంలో తమలో తాము చేసుకునేది దాదాపు 5 శాతమే. ఆగ్నేయాసియా దేశాల్లో ఇది 20 శాతానికి పైన. గుజ్రాల్ తన రచనల్లో ఆర్థిక బంధం లేకుండా రాజకీయ శాంతి నిలవదని అనేవారు. 1998 జనవరిలో ఢాకాలో భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ ప్రధానులు వాణిజ్యం గురించే మాట్లాడుకునేందుకు కలిశారు. పదవిలో ఆయన పాల్గొన్న చివరి ప్రాంతీయ సమావేశాల్లో అది ఒకటి.

ఆయన కాలంలోనే మొదలైన మరో సంస్థకు అప్పట్లో పెద్దగా ప్రచారం రాలేదు. 1997 జూన్ 6న బ్యాంకాక్‌లో బంగ్లాదేశ్, భారత్, శ్రీలంక, థాయిలాండ్ కలిసి ఒక ఆర్థిక సహకార సంఘాన్ని పెట్టుకున్నాయి. మయన్మార్, తర్వాత నేపాల్, భూటాన్ చేరడంతో అది బిమ్‌స్టెక్ అయింది. పాకిస్తాన్ లేని ఈ బంగాళాఖాత కూటమి, సార్క్ స్తంభించాక భారత్‌కు ప్రధాన ప్రాంతీయ వేదికగా మారింది. 2014 ఖాట్మండూ సమావేశం తర్వాత సార్క్ శిఖరాగ్రం మళ్ళీ జరగలేదు.

పతనం, విమర్శలు

గుజ్రాల్ ప్రభుత్వం పడిపోవడానికి కారణం కూడా పొరుగు దేశపు యుద్ధంతో ముడిపడినదే. రాజీవ్ గాంధీ హత్యకు దారితీసిన పరిస్థితులపై జైన్ కమిషన్ ఇచ్చిన మధ్యంతర నివేదిక 1997 నవంబరులో బయటికి పొక్కింది. తమిళ పులులను ప్రోత్సహించిందంటూ డి.ఎం.కె.ను అది తప్పుపట్టింది. ఆ పార్టీ మంత్రులను తొలగించాలని, లేకుంటే మద్దతు ఉండదని కాంగ్రెస్ పట్టుబట్టింది. గుజ్రాల్ ఒప్పుకోలేదు. నవంబరు 28న కాంగ్రెస్ మద్దతు ఉపసంహరించుకోగా ఆయన రాజీనామా చేసి, 1998 మార్చి 19 వరకు ఆపద్ధర్మ ప్రధానిగా కొనసాగారు.

సిద్ధాంతంపై విమర్శలు బలమైనవే. బంగ్లాదేశ్‌కు నీరిచ్చిన భారత్, ఈశాన్య రాష్ట్రాలకు సరుకు పంపేందుకు బంగ్లాదేశ్ గుండా దారిని ఆ వేడిలోనే రాబట్టుకోలేకపోయింది. అది రావడానికి మరో పదేళ్ళకు పైగా పట్టింది. ఈశాన్య తీవ్రవాదులకు ఆశ్రయం ఇవ్వకూడదన్న రెండో సూత్రం ఢాకాలో ఏ ప్రభుత్వం ఉందన్నదాన్ని బట్టి అమలైంది, ఆగింది. పాకిస్తాన్‌లో భారత నిఘా సంస్థ ‘రా’ రహస్య కార్యకలాపాలను గుజ్రాల్ ఆపించారని, ఆ నష్టం ఏళ్ళ తరబడి పూడలేదని మాజీ నిఘా అధికారులు ఆరోపించారు. ప్రతిఫలం అడగకపోతే ఎదుటివాడు దాన్ని హక్కుగా తీసుకుంటాడన్నది ఈ విమర్శలన్నిటి సారం.

ఈ వ్యాసకర్తకు కనిపించే అసలు లోపం వేరు. ఇవ్వడం తప్పు కాదు. ఇచ్చినది నిలిచే ఏర్పాటు గురించి సిద్ధాంతం ఏమీ చెప్పకపోవడం తప్పు. సద్భావం వ్యక్తులతో వస్తుంది, వ్యక్తులతో పోతుంది. ఫరక్కా దగ్గర కొలతల పట్టిక, ఉమ్మడి సంఘం, రాష్ట్రం అంగీకారం మూడూ ఉన్నాయి కనుక ఒప్పందం నిలిచింది. పంచేశ్వర్ దగ్గర అవి కుదరలేదు.

తర్వాతి ప్రభుత్వాల్లో

గుజ్రాల్ పేరు వాడకపోయినా ఆయన మొదటి సూత్రాన్ని తర్వాత వచ్చిన ప్రభుత్వాలు ఏదో రూపంలో పాటించాయి. 2007 ఏప్రిల్‌లో ఢిల్లీలో జరిగిన సార్క్ సమావేశంలో మన్మోహన్ సింగ్ దక్షిణాసియాలోని అత్యంత వెనుకబడిన దేశాల ఎగుమతులకు సుంకం లేని ప్రవేశాన్ని బదులు కోరకుండా ప్రకటించారు. 2015లో నరేంద్ర మోదీ ప్రభుత్వం బంగ్లాదేశ్‌తో భూసరిహద్దు ఒప్పందాన్ని అమలు చేసి, ఒకరి భూభాగంలో మరొకరికి ఉన్న 162 చిన్నచిన్న పల్లె ఖండికలను మార్చుకుంది. అందులో భారత్ ఇచ్చిన నేలే ఎక్కువ. 2017 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన దక్షిణాసియా ఉపగ్రహం ఖర్చంతా భారత్‌దే. పాకిస్తాన్ తప్ప మిగతా సార్క్ దేశాలన్నీ ఆ సేవలు అందుకున్నాయి. 2022లో శ్రీలంక దివాలా తీసినప్పుడు భారత్ దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం చేసింది. ఇంధనం, మందులు, ఆహారం అప్పుపై పంపింది.

రెండో సూత్రాన్ని అన్నిటికంటే నిక్కచ్చిగా పాటించిన దేశం భూటాన్. 2003 డిసెంబరులో ఆ చిన్న దేశపు సైన్యం తన దక్షిణ అడవుల్లో ఉన్న ఉల్ఫా తదితర తీవ్రవాద శిబిరాలపై దాడి చేసి వాటిని తుడిచిపెట్టింది.

గుజ్రాల్ ఆలోచనలను ఆయన మాటల్లోనే చదవాలనుకునేవారికి 1998లో విదేశాంగ శాఖ వేసిన ప్రసంగాల సంకలనం, 2003లో వచ్చిన విదేశాంగ విధాన వ్యాసాలు, 2011లో వెలువడిన ఆత్మకథ ‘మ్యాటర్స్ ఆఫ్ డిస్క్రిషన్’ ఉన్నాయి. మూడూ ఇంగ్లీషులోనివే. 2012 నవంబరు 30న ఆయన గుర్‌గావ్‌లో మరణించారు.

ఆయన సిద్ధాంతం ఇచ్చిన పెద్ద ఫలితానికి 2026 డిసెంబరుతో ముప్పై ఏళ్ళు నిండి గడువు తీరుతుంది. గంగలో వేసవి ప్రవాహాలు 1996లో వేసుకున్న లెక్కల కంటే తగ్గాయి. ఎగువన ఉత్తరప్రదేశ్, బిహార్‌లలో వాడకం పెరిగింది. ఫరక్కా వల్ల తమ దగ్గర పూడిక, వరద పెరిగాయని బిహార్ చాలాకాలంగా అంటోంది. తమను సంప్రదించకుండా కొత్త ఒప్పందం చేయవద్దని పశ్చిమ బెంగాల్ కేంద్రానికి చెప్పింది. 1996లో సంతకం చేసిన హసీనా 2024 ఆగస్టు 5న పదవీచ్యుతురాలై భారత్‌కు వచ్చారు. ఆ తర్వాత రెండు దేశాల మధ్య పలకరింపులు పలచబడ్డాయి. ఫరక్కా దగ్గర నీటిని కొలిచే ఇంజనీర్ల పని మాత్రం ఆగలేదు.